ఒక్క స్క్రిప్టు, మూడు చెయిన్లు: ధర్మవరం చీరకు ఒక చీటీ

కథలూ కవితలూ ఉండే పత్రికలో ఈ కోడ్ గోల ఏమిటని అనుకోకండి. స్మార్ట్ కాంట్రాక్టుల గురించి మనం చదివేదంతా ఇంగ్లీషులోనే, ల్యాబ్ రికార్డులో రాసేదీ ఇంగ్లీషులోనే. పక్క బెంచీవాడికి నిజంగా అర్థమయ్యేలా చెప్పాల్సి వస్తే మాత్రం తెలుగులోకి దిగుతాం. అలా నోటితో చెప్పుకునేదాన్నే ఒక పాఠంగా రాద్దామని నా ప్రయత్నం. సాలిడిటీ కొంచెం తెలిసి, ఒక్కసారైనా టెస్ట్‌నెట్‌లో కాంట్రాక్టు పెట్టినవాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. తెలియనివాళ్లు కోడ్ సంగతులు దాటేసి మిగతాది చదువుకోవచ్చు.

పని ఏమిటి?

మా మినీ ప్రాజెక్టులో ముగ్గురం. ఒకడిది హిందూపురం, ఒకడిది పెనుకొండ, నాది ధర్మవరం. మూడూ బెంగళూరు – గుంతకల్లు రైలు దారిలో ఒకదాని తర్వాత ఒకటి వచ్చే ఊళ్లు. పట్టుకు కూడా ఇక్కడ ఒక దారి ఉంది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు రైతులు గూళ్లు తెస్తారు. గూళ్ల నుంచి దారం తీస్తారు, పురి పెడతారు, రంగు అద్దుతారు. చివరికి పడుగూ పేకా అయి ధర్మవరంలో మగ్గం ఎక్కుతుంది. ధర్మవరం చేనేత పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ కూడా ఉంది.

ఇబ్బంది ఎక్కడంటే, అదే డిజైన్‌ను మరమగ్గం మీద తక్కువ ఖర్చుతో నేసి చేనేత పేరుతో అమ్మేస్తారు. కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లోనే కేంద్రం చట్టం చేసింది. అసలు పట్టు అని చెప్పడానికి 2004 నుంచి సిల్క్ మార్క్, చేతిమగ్గం మీద నేసిందని చెప్పడానికి 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్క్ ఉన్నాయి. అయినా అంగడిలో చీర పట్టుకున్న మనిషికి తేడా చెప్పడం కష్టమే. రోజుల తరబడి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నవాళ్ల కూలి ఆ తేడా మీదే ఆధారపడి ఉంది.

మేం అనుకున్నది చిన్న పని. చీర మగ్గం దిగగానే దానికో నంబరు ఇచ్చి, వివరాల హ్యాష్‌ను బ్లాక్‌చెయిన్‌లో నమోదు చేసే కాంట్రాక్టు. దానికి ‘పట్టుచీటీ’ అని పేరు పెట్టుకున్నాం. నమోదు, రద్దు, చూపు – మూడే ఫంక్షన్లు. ఇలాంటి ఆలోచన మన రాష్ట్రానికి కొత్త కాదు. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి రికార్డుల కోసం స్వీడన్ కంపెనీ క్రోమావే, హైదరాబాద్ కంపెనీ జెబి డేటాలతో బ్లాక్‌చెయిన్ ప్రయోగానికి దిగింది. అక్కడ పాస్‌బుక్, ఇక్కడ పట్టుచీర.

ఒక్క చెయిన్ చాలదా?

చాలా వరకు చాలు. ఈ మాట ముందే చెప్పేస్తున్నా. కానీ రెండు కారణాల వల్ల ఒకటికంటే ఎక్కువ చోట్ల పెట్టడం నేర్చుకోవాల్సిందే.

మొదటిది, చెయిన్లు శాశ్వతం కావు. పాలిగాన్ టెస్ట్‌నెట్ ముంబై మీద ఎందరో విద్యార్థులు ప్రాజెక్టులు కట్టారు. 2024 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు, అందరూ అమోయ్‌కి మారాల్సి వచ్చింది. రెండోది ఖర్చు. డిప్లాయ్ చేసేటప్పుడు చెయిన్‌లో చేరే ప్రతి బైట్‌కు 200 గ్యాస్ పడుతుంది. దానిమీద లావాదేవీకి 21,000, కాంట్రాక్టు సృష్టికి 32,000. అంటే 6,000 బైట్ల కాంట్రాక్టుకు కోడ్ నిల్వకే 12 లక్షల గ్యాస్. అన్నీ కలిపి 13 లక్షలు అనుకుందాం. గ్యాస్ ధర 20 గ్వే ఉంటే 0.026 ఈథర్, 1 గ్వే ఉంటే 0.0013 ఈథర్. పని అదే, ధరలో 20 రెట్ల తేడా. అందుకే ఎక్కడ చవకో అక్కడికి కదలగలిగేలా ముందునుంచే కట్టుకోవాలి.

మేం తీసుకున్నవి మూడు టెస్ట్‌నెట్లు: ఇథీరియం సెపోలియా, పాలిగాన్ అమోయ్, బేస్ సెపోలియా. వాటి చెయిన్ ఐడీలు వరుసగా 11155111, 80002, 84532. మూడూ ఈవీఎం చెయిన్లే కాబట్టి ఒకే సాలిడిటీ కోడ్ నడుస్తుంది.

చిరునామా ఎలా పుడుతుంది?

ఇక్కడ అర్థమైతే మిగతాదంతా సులువు.

ఒకే దస్తావేజును హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రిజిస్ట్రారు ఆఫీసుల్లో మూడింటిలోనూ రిజిస్టర్ చేశారనుకోండి. ఒక్కక్షరం తేడా లేకపోయినా దస్తావేజు నంబర్లు వేరువేరుగా వస్తాయి. ఎందుకంటే ఆ నంబరు కాగితంలో ఏముందో చూసి ఇచ్చేది కాదు, ఆ ఆఫీసులో ఆ ఏడాది అప్పటికి ఎన్ని అయ్యాయో చూసి ఇచ్చేది.

మామూలు డిప్లాయ్, అంటే క్రియేట్ ఆప్‌కోడ్ కూడా ఇంతే. కొత్త కాంట్రాక్టు చిరునామా రెండింటి నుంచి పుడుతుంది: పంపినవాడి చిరునామా, ఆ చెయిన్‌లో వాడి నాన్స్. నాన్స్ అంటే ఆ ఖాతా నుంచి ఇప్పటిదాకా వెళ్లిన లావాదేవీల లెక్క. సెపోలియాలో మీరు అప్పటికే ఐదు లావాదేవీలు చేసి, అమోయ్‌లో ఒక్కటీ చేయకపోతే రెండు చోట్లా చిరునామాలు వేరవుతాయి. విఫలమై రివర్ట్ అయిన లావాదేవీ కూడా నాన్స్‌ను ఒకటి పెంచుతుంది. అందుకని నాన్స్‌ను నమ్ముకుని మూడు చోట్లా ఒకే చిరునామా తెద్దామంటే అది మూడు ఆఫీసుల్లో ఒకే దస్తావేజు నంబరు కోసం కాచుకున్నట్టే.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది కదా. అక్కడ తయారైన కారుకు 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఫ్యాక్టరీలోనే పడుతుంది. కారు ఏ జిల్లాలో రిజిస్టర్ అయినా ఆ నంబరు మారదు. మనకు కావాల్సింది అలాంటిది. దానికే క్రియేట్-2 ఉంది. 2019 ఫిబ్రవరిలో కాన్‌స్టాంటినోపుల్ అప్‌గ్రేడ్‌తో ఇథీరియంలోకి వచ్చింది. ఇందులో చిరునామా మూడింటి నుంచి పుడుతుంది: సృష్టించే ఫ్యాక్టరీ కాంట్రాక్టు చిరునామా, మనం ఎంచుకున్న సాల్ట్, ఇనిట్‌కోడ్ హ్యాష్. నాన్స్ ప్రసక్తే లేదు. ఈ మూడూ ఒకటే అయితే చిరునామా ఒకటే.

మరి ఆ ఫ్యాక్టరీ అన్ని చెయిన్లలో ఒకే చిరునామాలో ఉండాలిగా? దానికోసమే ‘డిటర్మినిస్టిక్ డిప్లాయ్‌మెంట్ ప్రాక్సీ’ అనే చిన్న కాంట్రాక్టును జనం ఇప్పటికే చాలా చెయిన్లలో పెట్టారు. ఫౌండ్రీ స్క్రిప్టులో సాల్ట్ ఇచ్చి డిప్లాయ్ చేస్తే దాన్నే వాడుతుంది. ఒక్క జాగ్రత్త. కొన్ని చెయిన్లలో చిరునామా లెక్కకట్టే సూత్రమే వేరు. అక్కడ ఈ పాఠం పనిచేయదు.

స్క్రిప్టు చేయాల్సిన పనులు

హార్డ్‌హ్యాట్‌లో రాసినా, ఫౌండ్రీలో రాసినా వరుస ఇదే. భాష కంటే వరుస ముఖ్యం కాబట్టి తెలుగులోనే రాస్తున్నా.

1. నెట్‌వర్కుల పట్టిక చదువు. ఒక్కో వరుసలో పేరు, చెయిన్ ఐడీ, ఆర్‌పీసీ లింకు ఉన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పేరు, ఎన్ని కన్ఫర్మేషన్ల దాకా ఆగాలో ఉండాలి.

2. ఒక్కసారే కంపైల్ చెయ్యి. బైట్‌కోడ్‌కు కన్‌స్ట్రక్టర్ ఆర్గ్యుమెంట్లు కలిపి ఇనిట్‌కోడ్ తయారుచెయ్యి. రాబోయే చిరునామాను ముందే లెక్కకట్టి తెరమీద చూపించు.

3. తర్వాత ప్రతి నెట్‌వర్క్‌కు ఒక లూప్:

క) ఆర్‌పీసీని ‘నీ చెయిన్ ఐడీ ఎంత’ అని అడుగు. పట్టికలో ఉన్నది కాకపోతే అక్కడే ఆగు. లింకులు తారుమారై టెస్ట్‌నెట్ అనుకుని మెయిన్‌నెట్‌కు పంపే ప్రమాదం ఈ ఒక్క ప్రశ్నతో పోతుంది.

గ) ఫ్యాక్టరీ చిరునామాలో కోడ్ ఉందా చూడు. లేకపోతే ఈ నెట్‌వర్క్ వదిలెయ్.

చ) మన చిరునామాలో అప్పటికే కోడ్ ఉందా చూడు. ఉంటే మళ్లీ పంపకుండా ‘ఉంది’ అని రాసి ముందుకు పో.

జ) గ్యాస్ అంచనా అడుగు, దానికి పాతిక శాతం కలుపు, ఖాతాలో అంత ఉందో లేదో చూడు. గ్యాస్ లిమిట్‌ను చేత్తో రాయొద్దు. కొన్ని లేయర్-2 చెయిన్లలో లేయర్-1కు కట్టే డేటా ఖర్చు కూడా గ్యాస్ లెక్కలోనే కలిసి వస్తుంది. ఇంకో మాట, అమోయ్‌లో ఖర్చు పీఓఎల్‌లో, మిగతా రెండింట్లో ఈథర్‌లో. అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ట) పంపు. కన్ఫర్మేషన్ల దాకా ఆగు.

డ) మళ్లీ ఆ చిరునామాలో కోడ్ ఉందా చూడు. కాంట్రాక్టును ‘నీ ఓనర్ ఎవరు’ అని అడిగి సరిచూడు.

త) చెయిన్ ఐడీ, చిరునామా, లావాదేవీ హ్యాష్, బ్లాక్ నంబరు – నాలుగూ జేసన్ ఫైల్లో రాయి.

ద) మధ్యలో ఎర్రర్ వస్తే అది కూడా రాసి తర్వాతి నెట్‌వర్క్‌కు పో.

4. చివర్లో ఒక పట్టిక చూపించు. ఒక్కటి విఫలమైనా స్క్రిప్టు విఫలమైనట్టే ముగియాలి.

ఇందులో ప్రాణం ‘చ’ లో ఉంది. మూడు చెయిన్లలో రెండు అయ్యాక నెట్ పోయిందనుకోండి. స్క్రిప్టును మళ్లీ మొదటినుంచి నడిపినా నష్టం లేదు. అయినవాటిని ముట్టుకోదు, కానిదాన్నే చేస్తుంది. ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే అయితేనే అది నమ్మదగిన స్క్రిప్టు.

తర్వాత సోర్స్ కోడ్ వెరిఫికేషన్. ఇథర్‌స్కాన్ రెండో వెర్షన్ ఏపీఐ వచ్చాక ఒక్క కీ తోనే చాలా చెయిన్లలో వెరిఫై చేయొచ్చు, చెయిన్ ఐడీ మారిస్తే చాలు. ఈ పని వదిలేయకండి. కోడ్ కనపడని కాంట్రాక్టును నేతన్న ఎందుకు నమ్మాలి?

నాలుగు చోట్ల కాలు జారుతుంది

ఒకటి, ఓనర్. ఓపెన్‌జెపెలిన్ ఓనబుల్‌కు కన్‌స్ట్రక్టర్‌లో మెసేజ్ సెండర్‌ను ఓనర్‌గా ఇవ్వడం అందరికీ అలవాటు. కానీ క్రియేట్-2లో సెండర్ మీరు కాదు, ఫ్యాక్టరీ. ఓనర్‌షిప్ ఆ ఫ్యాక్టరీకి పోతుంది. ఇక ఎవరూ నమోదు చేయలేరు, బయటికి తీయడమూ కుదరదు. ఓనర్ చిరునామాను ఆర్గ్యుమెంటుగా పంపండి. అప్పుడు అది ఇనిట్‌కోడ్‌లో భాగమవుతుంది. మన కోడ్‌ను వేరెవరో ముందే డిప్లాయ్ చేసినా ఓనర్ మనమే. వాడు ఓనర్‌ను మారిస్తే చిరునామా మారిపోతుంది.

రెండు, బైట్‌కోడ్. కంపైలర్ చివర్లో మెటాడేటా హ్యాష్ ఒకటి అతికిస్తుంది. సోర్స్‌లో ఒక కామెంట్ మార్చినా ఆ హ్యాష్ మారుతుంది, దాంతో చిరునామా మారుతుంది. ముగ్గురి ల్యాప్‌టాపుల్లో కంపైలర్ వెర్షన్, ఆప్టిమైజర్ రన్స్ ఒకటే ఉండాలి. డిప్లాయ్ చేసిన కమిట్‌కు ట్యాగ్ పెట్టుకోండి.

మూడు, ఈవీఎం వెర్షన్. 2023 ఏప్రిల్‌లో షాంఘై అప్‌గ్రేడ్‌తో పుష్-0 అనే ఆప్‌కోడ్ వచ్చింది. సాలిడిటీ 0.8.20 నుంచి కంపైలర్ దాన్ని తనంతట తాను వాడుతుంది. అప్పటికింకా పుష్-0 రాని చెయిన్లలో అదే కోడ్ డిప్లాయ్ కాలేదు. అన్ని చోట్లా నడవాలంటే మీ చెయిన్లలో అన్నింటికంటే వెనకబడినది ఏదో చూసి, ఈవీఎం వెర్షన్‌ను దానికి తగ్గట్టు పెట్టాలి.

నాలుగు, ప్రైవేట్ కీ. కోడ్‌లో రాయొద్దు. డాట్ ఎన్వ్ ఫైల్లో పెడితే దాన్ని గిట్ ఇగ్నోర్‌లో చేర్చండి. ఇంకా మేలు, ఫౌండ్రీలో కాస్ట్ వాలెట్‌తో కీని పాస్‌వర్డ్ పెట్టి దాచుకోవడం. డిప్లాయ్ ఖాతా వేరు, డబ్బున్న ఖాతా వేరు. మూడు చెయిన్లకూ ఒకే కీ కాబట్టి పోతే మూడు చోట్లా ఒకేసారి పోతుంది.

చిరునామా ఒకటైనా ఇల్లు ఒకటి కాదు

2022లో జరిగిన వింటర్‌మ్యూట్ ఉదంతం ఈ పాఠానికి సరిగ్గా అతుకుతుంది. ఆప్టిమిజం ఫౌండేషన్ ఆ సంస్థకు 2 కోట్ల ఓపీ టోకెన్లు పంపింది. వింటర్‌మ్యూట్ ఇచ్చిన చిరునామా ఇథీరియంలో ఉన్న తమ మల్టీసిగ్ వాలెట్‌ది. ఆప్టిమిజంలో ఆ చిరునామా ఖాళీ స్థలం, అక్కడ ఏ కాంట్రాక్టూ లేదు. టోకెన్లు మాత్రం చేరిపోయాయి.

ఆ వాలెట్‌ను పుట్టించిన పాత ఫ్యాక్టరీ డిప్లాయ్ లావాదేవీలో చెయిన్ ఐడీ లేదు. సంతకంలో చెయిన్ ఐడీ చేర్చే పద్ధతి ఈఐపీ-155. అది లేని సంతకాన్ని ఎవరైనా ఏ చెయిన్‌లోనైనా మళ్లీ వాడొచ్చు. ఒకడు ఆ లావాదేవీని ఆప్టిమిజంలో మళ్లీ ఆడించాడు. ఫ్యాక్టరీ అదే చిరునామాలో లేచింది. తర్వాత దానితో వాలెట్ల మీద వాలెట్లు పుట్టించాడు, నాన్స్ కావాల్సిన అంకెకు చేరేదాకా. టోకెన్లున్న చిరునామాలో వాలెట్ లేచింది, ఓనర్ వాడే. తర్వాత 1.7 కోట్ల టోకెన్లు తిరిగి ఇచ్చాడు, అది వేరే సంగతి.

విచిత్రమేమిటంటే మనం వాడుకుంటున్న డిప్లాయ్‌మెంట్ ప్రాక్సీని ఏ చెయిన్‌లోనైనా ఒకే చిరునామాలో పెట్టగలగడానికి కారణం కూడా చెయిన్ ఐడీ లేని సంతకమే. కత్తి ఒకటే, కూరా తరుగుతుంది, వేలూ తెగుతుంది. ఇక్కడ మనం నేర్చుకోవాల్సింది, చిరునామాకు ఓనర్ ఎవరో ముడిపడి ఉండాలి. నాన్స్‌తో పుట్టిన చిరునామాకు ఆ ముడి లేదు. ఇనిట్‌కోడ్‌లో ఓనర్ ఉన్న క్రియేట్-2 చిరునామాకు ఉంది. అలాగే పట్టుచీటీ ఓనర్‌గా మల్టీసిగ్ పెట్టాలనుకుంటే అది మూడు చెయిన్లలోనూ నిజంగా ఉందో లేదో స్క్రిప్టు ముందు చూసుకోవాలి.

ఇంకో చిక్కు. చిరునామా ఒకటే కదా అని లోపలి డేటా కూడా ఒకటే అనుకోకూడదు. అవి మూడు ఊళ్లలో ఉన్న మూడు వేరు వేరు లెడ్జర్లు. సెపోలియాలో రాసిన చీర అమోయ్‌కి తెలియదు. 101వ నంబరు చీర ఒకచోట ఒకరి పేర, ఇంకోచోట ఇంకొకరి పేర ఎక్కితే? బ్రిడ్జి పెట్టి కలపొచ్చు గానీ, బ్రిడ్జిలే దొంగలకు ఇష్టమైన చోటు. 2022లో రోనిన్ బ్రిడ్జి నుంచి 60 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. చీరల చీటీకి అంత హంగామా వద్దు. మేం తీసుకున్న నిర్ణయం: ఒక చెయిన్ ఇంటి చెయిన్. నమోదు, రద్దు అక్కడే. మిగతా రెండింట్లో నమోదు తలుపు మూసి ఉంటుంది. ఇంటి చెయిన్ ఆగిపోయే రోజొస్తే ఓనర్ లావాదేవీతో వాటిలో ఒకదాన్ని తెరుస్తాం.

చెయిన్‌లో ఏం రాయకూడదు?

నేతన్న పేరు, ఫోను, ఆధార్ – ఏదీ రాయకూడదు. అందరికీ కనిపించే చెయిన్‌లో రాసింది చెరిగిపోదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తన వివరాలు తీసేయమని అడిగే హక్కు మనిషికి ఇస్తోంది. అడిగితే మనం తీయలేం. హ్యాష్ చేశాం కదా అంటే అదీ చాలదు. పదంకెల ఫోను నంబర్లు మొత్తం వెయ్యి కోట్లే. మామూలు కంప్యూటర్ అన్నింటికీ హ్యాష్ కట్టి మీది ఏదో పట్టేస్తుంది. అందుకే వివరాలు సంఘం దగ్గరి రిజిస్టర్‌లోనే ఉంటాయి. ఒక్కో చీరకు ఒక్కో రహస్య సంఖ్య కలిపి తీసిన హ్యాష్ మాత్రమే చెయిన్‌కు వెళ్తుంది. వివరాలూ ఆ రహస్య సంఖ్యా చెరిపేస్తే చెయిన్‌లో మిగిలిన హ్యాష్‌తో ఎవరూ ఏమీ చేయలేరు.

ఇదంతా మా వీధిలో మగ్గం నేసే పెద్దాయనకు చూపించాం. ఓపిగ్గా విని ఒకటే అడిగాడు: “అదంతా సరే నాయనా, ఆ చీటీ పీకి మరమగ్గం చీరకు అంటిస్తే మీ కంప్యూటరు కనుక్కుంటుందా?”

కనుక్కోదు. చీటీ మారలేదని మాత్రమే బ్లాక్‌చెయిన్ చెప్పగలదు. చీర మారలేదని చెప్పలేదు. మగ్గం దగ్గర నిలబడి చూసి, నంబరును చీర నేతలోనే కలిపి, నమోదు నొక్కే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి నిజాయితీని మూడు చెయిన్లలో కాదు, ముప్పై చెయిన్లలో డిప్లాయ్ చేసినా కోడ్‌తో పుట్టించలేం. అందుకే మా కాంట్రాక్టుకు ఇంకో ఫంక్షన్ చేర్చాం: ఏ చీరను ఎవరి కీతో నమోదు చేశారో ఎవరైనా చూడొచ్చు. తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో వెతకడానికి ఒక దారి. పెద్దాయన దానికి “అదుండనీ” అన్నాడు. మాకు ఆ మాత్రం చాలు.

మీరూ చేసి చూడాలనుకుంటే ఇలా మొదలుపెట్టండి. ముందు ల్యాప్‌టాప్‌లోనే చెయిన్ ఐడీలు వేరుగా పెట్టి రెండు ఆన్విల్ నోడ్లు లేపండి. స్క్రిప్టు నడుస్తుండగా ఒక నోడ్‌ను మధ్యలో ఆపేయండి. మళ్లీ లేపి స్క్రిప్టును ఇంకోసారి నడపండి. రెండు చోట్లా ఒకే చిరునామా, ఒకే ఓనర్, ఒక్కో చోట ఒక్కటే డిప్లాయ్ కనిపిస్తే ఫాసెట్‌లో చుక్క ఈథర్ పట్టుకుని టెస్ట్‌నెట్‌కు వెళ్లొచ్చు.